"రాత్రి రెండింటిదాకా నెట్ వాడుతున్నారు కదమ్మా": ఇంటర్నెట్ కంపెనీ దగ్గర మన గురించి ఏమేం నిల్వ ఉంటాయి?

ప్రశ్న: మంగళగిరి మగ్గం

అందరికీ నమస్కారం. గృహహింసకు గురైన ఆడవాళ్ళకు సలహా, తోడు అందించే ఒక చిన్న సహాయ కేంద్రంలో నేను ఆరేళ్ళుగా స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. మేం మొత్తం ఐదుగురం. కేంద్రమంటే మా మేడ మీద ఒక గది, ఒక పాత కంప్యూటరు, కేబుల్ ఆపరేటర్ వేసిన ఫైబర్ కనెక్షను, అంతే.

పోయిన నెల బిల్లు వసూలుకు వచ్చిన కుర్రాడు నోట్లు లెక్కపెట్టుకుంటూ, "రాత్రి రెండింటిదాకా నెట్ వాడుతున్నారు కదమ్మా, పై ప్లాను తీసుకోండి" అన్నాడు. అతను చెడ్డ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. కానీ ఆ రాత్రి రెండింటిదాకా మేం మేలుకొని చేసిన పని ఏమిటంటే, ఇల్లు విడిచి కట్టుబట్టలతో వచ్చిన ఒక అమ్మాయికి వేరే జిల్లాలో తలదాచుకొనే చోటు వెతకడం. ఆమె అత్తవారికి ఊళ్ళో పలుకుబడి ఉంది. మేం ఎంతసేపు మేలుకున్నామో ఆ కుర్రాడికి తెలిసినప్పుడు, ఏ హాస్టల్ సైటు తెరిచామో కూడా ఎవరికైనా తెలుస్తుందా అన్న ఆలోచన అప్పటి నుంచి నన్ను వదలడం లేదు. ఇన్నాళ్ళూ ఇన్‌కాగ్నిటోలో వెతికితే చాలుననుకున్నాము.

కంపెనీవాళ్ళకు నిజంగా ఏం కనిపిస్తుంది, దాన్ని ఎంతకాలం దాస్తారు, ఎవరు అడిగితే ఇస్తారు, మేం చేయగలిగింది ఏమిటి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి. మా పనిలో పొరపాటుకు మూల్యం చెల్లించేది మేం కాదు, మమ్మల్ని నమ్మి వచ్చినవాళ్ళు.

సమాధానం: తీగెలపని (వరంగల్)

మగ్గం గారూ, నేను ఇటువంటి కంపెనీలలోనే, మొదట స్తంభాల మీద తీగెలు లాగే పనిలోనూ తరువాత నెట్‌వర్క్ గదిలోనూ పన్నెండేళ్ళు పనిచేశాను.

ఆ కుర్రాడు చూసింది బిల్లింగ్ పేజీ. మీ రౌటరు మీ యూజర్‌నేముతో లాగిన్ అయిన ప్రతిసారీ కంపెనీలోని రేడియస్ సర్వరు ఆ సమయాన్ని, కనెక్షను తెగిన సమయాన్ని, ఆ మధ్యలో ఎన్ని జీబీలు వాడారన్న లెక్కను రాసి పెట్టుకుంటుంది. వసూలుకు వచ్చేవాళ్ళ యాప్‌లో కనిపించేది ఇదే. ఏ సైటు చూశారన్నది అందులో ఉండదు.

అది వేరే చోట ఉంటుంది. మీ రౌటరు సెట్టింగుల పేజీలో వాన్ చిరునామా (కంపెనీ మీ రౌటరుకు ఇచ్చిన ఐపీ చిరునామా) 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలవుతుంటే, మీరూ మీ చుట్టుపక్కల మరెన్నో ఇళ్ళూ బయటి ప్రపంచానికి ఒకే చిరునామాతో కనిపిస్తున్నారని అర్థం. చిరునామాల కొరత వల్ల కంపెనీలు ఇలా పంచుతాయి. రేపు ఏదైనా నేరం విషయంలో పోలీసులు వచ్చి "ఈ చిరునామా ఫలానా క్షణంలో ఎవరిది?" అని అడిగితే జవాబు చెప్పాలి కాబట్టి, ప్రతి ఇంటి నుంచి పోయే ప్రతి కనెక్షనునూ కంపెనీ ఒక్కొక్క వరుసగా రాసుకుంటుంది. దాన్నే ఐపీడీఆర్ అంటాము. ఒక వరుసలో ఉండేవి ఇవి: తేదీ, సెకన్లతో సహా సమయం, మీ ఇంటి లోపలి చిరునామా, బయటికి కనిపించిన చిరునామా, పోర్టు సంఖ్య, అవతలి సర్వరు చిరునామా, అక్కడి పోర్టు, సాధారణంగా 443. ఆ వరుసను చదివినవాడికి, ఫలానా ఇల్లు రాత్రి 1 గంట 47 నిమిషాలకు ఫలానా తలుపు తట్టిందని తెలుస్తుంది. లోపలికి వెళ్ళి ఏం మాట్లాడుకున్నారో తెలియదు, ఎందుకంటే ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తున్నాయి, కాబట్టి మీరు చదివిన పేజీ, నింపిన ఫారము, పంపిన సందేశం అన్నీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే దారిలో ఎవరూ చదవలేని రూపంలో ఉంటాయి.

అయితే తట్టిన తలుపు ఎవరిదో చాలాసార్లు చిరునామా చూస్తేనే తెలిసిపోతుంది. క్లౌడ్‌ఫ్లేర్ వంటి పెద్ద సంస్థల వెనుక వేలాది సైట్లు ఒకే చిరునామా మీద ఉంటాయి గనుక అక్కడ కొంత మరుగు ఉంది. సొంత సర్వరు పెట్టుకున్న చిన్న హాస్టలుకు ఆ మరుగు లేదు. పైగా ఒకే రాత్రి న్యాయ సహాయం, ఆసుపత్రి, బస్సు టిక్కెట్లు, హాస్టలు ఒకదాని వెంట ఒకటి తెరిస్తే, ఒక్క అక్షరం చదవకుండానే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఊహించవచ్చు.

ఇంకొక రెండు కంతలు ఉన్నాయి. మీరు సైటు పేరు టైపు చేయగానే మీ పరికరం ముందుగా ఒక డీఎన్ఎస్ సర్వరును ఆ పేరుకు చిరునామా అడుగుతుంది. ఏమీ మార్చకపోతే అది మీ కంపెనీ సర్వరే, ఆ ప్రశ్న వెళ్ళేదీ బహిరంగంగానే. దీన్ని మూయడం సులభం: ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రతి ఫోనులోనూ ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగు ఉంది, అందులో "డీఎన్ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్" వంటి చిరునామా ఇస్తే ఆ ప్రశ్నలు ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి. కంప్యూటరులో ఫైర్‌ఫాక్స్‌కూ క్రోమ్‌కూ ఇటువంటి సెట్టింగే ఉంది. రెండవ కంత, సురక్షిత కనెక్షను మొదలయ్యేటప్పుడు బ్రౌజరు సైటు పేరును ఒకసారి బయటికి చెప్పడం, ఎస్ఎన్ఐ అంటారు. దీన్ని కప్పే ఈసీహెచ్ అనే పద్ధతి 2023 నుంచి ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లలో వచ్చింది కానీ, అవతలి సైటు కూడా దాన్ని పాటిస్తేనే పనిచేస్తుంది.

ఇన్‌కాగ్నిటో వల్ల మీ కంప్యూటరులో చరిత్ర మిగలదు. తీగె మీద పోయేదాన్ని అది ఏమాత్రమూ మార్చదు.

చివరగా ఒక మాట. నేను పనిచేసిన ఒకచోట ఈ లాగులన్నీ (రాసి పెట్టుకున్న ఈ రికార్డులన్నీ) చేరే సర్వరు ఏసీ గది మూలన ఉండేది. దాని పాస్‌వర్డు పక్క గోడకు టేపుతో అంటించిన కాగితం మీద ఉండేది. లాగులను ఎవరు, ఎప్పుడు, ఎందుకు తెరిచారో రాసుకొనే పద్ధతి లేదు. తెలిసినవాళ్ళ కోసం తెరిచి చూసిన సందర్భాలు నా కళ్ళతో చూశాను. నేను ఒకసారి కాగితం చింపేస్తే మర్నాటికి మళ్ళీ అంటించారు. నిల్వ అనే మాట వినగానే నాకు ముందుగా ఆ గోడే గుర్తుకొస్తుంది.

సమాధానం: నాంపల్లి న్యాయవాది

ఎంతకాలం, ఎవరికి అన్న ప్రశ్నలకు జవాబు చెప్తాను.

కాల్ వివరాలనూ ఇంటర్నెట్ వివరాలనూ కంపెనీలు ఒక ఏడాది దాచాలన్న నియమం ముందు ఉండేది. 2021 డిసెంబరులో టెలికమ్యూనికేషన్ల శాఖ లైసెన్సు షరతులను సవరించి దాన్ని కనీసం రెండేళ్ళు చేసింది. ఇది పార్లమెంటులో చర్చ జరిగి వచ్చిన చట్టం కాదు, లైసెన్సు షరతు మాత్రమే. దేశంలో నెట్ వాడే ప్రతి ఒక్కరి రెండేళ్ళ జాడ, ఏ అనుమానమూ లేకుండానే, నిల్వ ఉండాలని ఇలా నిర్ణయం జరగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఐరోపా సమాఖ్యలో 2006లో ఇటువంటిదే ఒక ఆదేశం వచ్చింది. అనుమానం ఉన్నవారు, లేనివారు అన్న తేడా లేకుండా అందరి రికార్డులనూ దాచమనడం ప్రాథమిక హక్కులకు విరుద్ధమంటూ అక్కడి న్యాయస్థానం 2014 ఏప్రిల్ 8న దాన్ని పూర్తిగా కొట్టివేసింది. మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ హక్కును తగ్గించాలంటే చట్టం ఉండాలనీ, న్యాయమైన ప్రయోజనం ఉండాలనీ, తీసుకొనే చర్య ఆ ప్రయోజనానికి తగినంత మేరకే ఉండాలనీ అన్నది.

ఇక ఎవరు అడగవచ్చు. ఇక్కడ జనం తరచు కలగలిపేసే రెండు విషయాలున్నాయి. మాటలను, సందేశాలను ప్రవహిస్తుండగా వినడం ఒకటి. దానికి ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, దాని కింద 2024 డిసెంబరులో వచ్చిన నియమాలు వర్తిస్తాయి. కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి, ఒక్కో ఉత్తర్వు 60 రోజులకు, పొడిగింపులతో కలిపి 180 రోజులకు మించరాదు, సమీక్షా సంఘం రెండు నెలలకొకసారి చూడాలి. ఈ వరుసలో ఎక్కడా న్యాయమూర్తి లేరు, నిఘాకు గురైన మనిషికి ఆ సంగతి తరువాతనైనా చెప్పాలన్న నియమమూ లేదు. ఈ కాపలా ఎంత పల్చనిదో మన దగ్గరే చూస్తున్నాము: 2024 మార్చిలో పంజాగుట్ట పోలీసు స్టేషనులో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులో, నిఘా విభాగంలో పనిచేసినవారే అక్రమంగా విన్నారనీ హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారనీ ఆరోపణలు వచ్చాయి.

ఇప్పటికే నిల్వ ఉన్న రికార్డులను తీసుకోవడం రెండవది, మీకు ఎక్కువగా సంబంధించినది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షను కింద న్యాయస్థానమే కాదు, పోలీసు స్టేషను బాధ్యుడైన అధికారి కూడా రాతపూర్వకంగా పత్రాలనూ ఎలక్ట్రానిక్ రికార్డులనూ కోరవచ్చు. హోం కార్యదర్శి దాకా పోనక్కరలేదు. పలుకుబడి గల కుటుంబం "మా కోడలు కనిపించడం లేదు" అని ఫిర్యాదు చేస్తే విచారణ పేరుతో ఆ అమ్మాయి ఫోను వివరాలు తెప్పించడం ఎంత తేలికో మీకు నాకంటే బాగా తెలుసు. ఆమె మేజరయితే, తన ఇష్టంతో బయటికి వచ్చానని తనే స్టేషనులో గానీ మేజిస్ట్రేటు ముందు గానీ వాంగ్మూలం ఇవ్వడం, తన చిరునామాను భర్త తరఫువారికి ఇవ్వవద్దని అందులోనే రాతపూర్వకంగా కోరడం, ఏ సాఫ్ట్‌వేరుకన్నా ముందు చేయవలసిన పని.

కంపెనీ ఉద్యోగి ఎవరో అడిగారని మీ వివరాలు బయటపెడితే మాత్రం అది నేరం. ఐటీ చట్టం 72ఎ సెక్షను కింద, ఒప్పందాన్ని మీరి దురుద్దేశంతో వ్యక్తిగత సమాచారాన్ని బయటపెట్టినవారికి మూడేళ్ళ వరకూ శిక్ష ఉంది. టెలికం చట్టం 42వ సెక్షను అనుమతి లేకుండా నెట్‌వర్కులోకీ దాని డేటాలోకీ చొరబడటాన్ని శిక్షిస్తుంది. ఈ రెండు సెక్షన్లనూ ఉదహరిస్తూ, మా వివరాలు మీ సిబ్బందిలో ఎవరెవరు చూడగలరో తెలపండని కంపెనీకి ఒక ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. జవాబు రాకపోయినా ఆ ఉత్తరం పనిచేస్తుంది.

2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి అడుగుతారేమో. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కానీ మన హక్కులకు సంబంధించిన భాగం అమలుకు 18 నెలల గడువు పెట్టారు. మన డేటా గురించి అడిగే హక్కు అందులో ఉంది. నేర పరిశోధన కోసం ఎవరికి ఇచ్చారన్నది చెప్పనక్కరలేదన్న మినహాయింపూ ఉంది. ప్రభుత్వం తనకు నచ్చిన సంస్థలను చట్టం నుంచే తప్పించే వీలు 17వ సెక్షనులో పెట్టుకున్నది. అందుచేత ఈ చట్టం మీద భారం వేసి కూర్చోవద్దని నా సలహా.

సమాధానం: కూకట్‌పల్లి నుంచి

ఇంత చర్చ అవసరమా? ప్లే స్టోరులో ఉచిత వీపీఎన్‌లు, అంటే మన నెట్‌ను వేరే కంపెనీ సర్వరు మీదుగా పంపే యాప్‌లు, పదులకొద్దీ ఉన్నాయి. ఒకటి వేసుకుంటే కంపెనీకి ఏమీ కనిపించదు. నేను మూడేళ్ళుగా అదే వాడుతున్నాను.

సమాధానం: మెల్‌బోర్న్ తెలుగు

కూకట్‌పల్లి సోదరా, ఉచిత వీపీఎన్ గురించి మా దేశంలో న్యాయస్థానం దాకా వెళ్ళిన ఒక సంగతి చెప్పనివ్వండి. ఒనావో ప్రొటెక్ట్ అని ఒక ఉచిత వీపీఎన్ ఉండేది; దాన్ని ఫేస్‌బుక్ 2013లో కొన్నది. మీ డేటాను భద్రంగా ఉంచుతామని ప్రచారం చేస్తూనే, వాడుకరులు ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో సేకరించి ఫేస్‌బుక్ తన వ్యాపారానికి వాడుకున్నది. 2018లో ఆపిల్ దాన్ని తన స్టోరు నుంచి తీసివేయించింది. జనాన్ని తప్పుదారి పట్టించినందుకు 2023లో ఇక్కడి ఫెడరల్ కోర్టు ఆ కంపెనీలు రెండు కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు కట్టాలని ఆదేశించింది. వీపీఎన్ వేసుకున్నప్పుడు మీ కేబుల్ కంపెనీకి కనిపించేదంతా ఆ వీపీఎన్ కంపెనీకి కనిపిస్తుంది. చూసేవాడు మారతాడు, అంతే. ఆ కొత్తవాడు పాతవాడికన్నా నమ్మదగినవాడా అన్నదే మనం అడగవలసింది.

నిల్వ గురించి మా అనుభవం కూడా చెప్పాలి. ఆస్ట్రేలియా పార్లమెంటు 2015లో చట్టం చేసింది, 2017 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ రెండేళ్ళ రికార్డు ఉంచాలి. వారంటు లేకుండానే దర్యాప్తు సంస్థలు వాటిని తీసుకోవచ్చు. విలేకరి సమాచార మూలం తెలుసుకోవడానికి మాత్రం ప్రత్యేక వారంటు కావాలి. అయినా ఒక్క విషయంలో మీకన్నా నయం: ఏ సైటుకు వెళ్ళారన్న చరిత్రను దాచవలసిన పని లేదని చట్టంలోనే రాశారు. తీగెలపని గారు వివరించిన వరుసలో అవతలి సర్వరు చిరునామా ఉంటుందని చదివి నాకు గుండె జారింది.

"సందేశాల్లోని విషయం చూడరు కదా, సమయాలూ స్థలాలే కదా" అని ఇక్కడా అనేవారు. అటువంటివారికి నేను జర్మనీ రాజకీయ నాయకుడు మాల్టె స్పిట్స్ చేసిన పని చూపిస్తాను. ఆయన కోర్టుకు వెళ్ళి తన ఫోను కంపెనీ నుంచి తన ఆరు నెలల రికార్డు రాబట్టాడు. 35,830 వరుసలు వచ్చాయి. 2011లో త్సైట్ ఆన్‌లైన్ పత్రిక వాటిని పటం మీద కదిలే చుక్కగా వేసింది. ఆయన ఎప్పుడు రైలెక్కాడో, ఎక్కడ నిద్రపోయాడో, ఏ ఊరేగింపులో నడిచాడో అన్నీ ఆ చుక్క చెప్పింది. అందులో ఆయన మాట్లాడిన మాట ఒక్కటీ లేదు.

ప్రశ్నించినవారి వ్యాఖ్య: మంగళగిరి మగ్గం

అందరికీ కృతజ్ఞతలు. గోడ మీది కాగితం సంగతి చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉత్తరం ఈ వారమే రాస్తాను. తీగెలపని గారూ, డబ్బు కట్టే వీపీఎన్ అయితే నమ్మవచ్చా? టోర్ అనే పేరు కూడా విన్నాను.

సమాధానం: తీగెలపని (వరంగల్)

భారతదేశంలో సర్వర్లున్న వీపీఎన్ వద్దు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం వీపీఎన్ కంపెనీలు ఖాతాదారు పేరు, చిరునామా, ఫోను నంబరు, ఇచ్చిన ఐపీ చిరునామాలు, వాడే ప్రయోజనం అన్నీ అయిదేళ్ళు దాచాలి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ ఆ జూనులోనే ఇక్కడి సర్వర్లు తీసివేసి వెళ్ళిపోయాయి. అంటే గోప్యత కోసం కొనుక్కున్న సేవ దగ్గర, కేబుల్ కంపెనీ కన్నా ఎక్కువకాలం, మన పేరుతో సహా రికార్డు ఉండాలన్నమాట.

మా దగ్గర లాగులు ఉండవని వీపీఎన్‌లవాళ్ళు అందరూ అంటారు. పరీక్షకు నిలబడినవారు కొందరే. స్వీడన్‌లోని మల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ కార్యాలయానికి 2023 ఏప్రిల్‌లో పోలీసులు సోదా వారంటుతో వచ్చి, ఇవ్వడానికి ఖాతాదారుల సమాచారమే లేకపోవడంతో వట్టి చేతులతో తిరిగి వెళ్ళారు. అక్కడ ఖాతా అంటే ఒక సంఖ్య మాత్రమే, ఈమెయిలు కూడా అడగరు. సిగ్నల్ అనే సందేశాల యాప్ సంగతీ అంతే: 2016లో అమెరికాలో కోర్టు ఆదేశం వచ్చినప్పుడు, ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వరుకు కనెక్ట్ అయిన రోజు తప్ప ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదు. సేకరించనిదాన్ని ఎవరూ లాక్కోలేరు, ఎవరూ గోడకు అంటించలేరు.

వసతి వెతకడం వంటి పనికి మాత్రం నేను టోర్ బ్రౌజరే చెప్తాను. మీ కనెక్షను మూడు మజిలీల మీదుగా పోతుంది. మొదటి మజిలీకి మీరెవరో తెలుసు కానీ ఎక్కడికి పోతున్నారో తెలియదు, చివరిదానికి ఎక్కడికో తెలుసు కానీ ఎవరో తెలియదు. కేబుల్ కంపెనీ లాగులో టోర్ మజిలీ చిరునామా ఒక్కటే పడుతుంది. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. 2013 డిసెంబరులో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరీక్షలు తప్పించుకోవడానికి ఒక విద్యార్థి టోర్ ద్వారా బాంబు బెదిరింపు పంపాడు. ఆ సమయానికి క్యాంపస్ వైఫైలో టోర్ వాడినవారెవరని లాగులు తిరగేసి అతన్ని పట్టుకున్నారు. అతను చేసింది నేరమే, పట్టుబడటమూ సరైనదే. మనకు పనికొచ్చేది పట్టుబడిన తీరు. మీ వీధి మొత్తంలో ఒక్క ఇల్లు, ఒక్క రాత్రి మాత్రమే టోర్ వాడితే ఆ రాత్రి విడిగా కనిపిస్తుంది. అందుచేత వార్తలు చదవడానికీ వాతావరణం చూడటానికీ కూడా రోజూ దాన్నే వాడండి. నెమ్మదిగా ఉంటుంది, అలవాటు పడాలి. అందులో మీ జీమెయిలు ఖాతాలోకి లాగిన్ అయితే మాత్రం చేసిన శ్రమంతా వృథా.

సమాధానం: విశాఖ నుంచి, ఒక అక్క

మగ్గం గారూ, నేనూ మీలాంటి పనిలోనే ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. పైవారు చెప్పినవన్నీ మీ గది గురించి. ఆ అమ్మాయి చేతిలోని ఫోను సంగతి ఎవరూ అడగలేదు.

మన దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది సిమ్ము భర్త పేరునో మామగారి పేరునో ఉంటుంది. అటువంటప్పుడు అతనికి పోలీసు అక్కరలేదు. కంపెనీ యాప్‌లో ఓటీపీతో లాగిన్ అయితే ఇటీవల చేసిన కాల్స్ కనిపించవచ్చు. ఫోనులోని గూగుల్ ఖాతా దుకాణంలో తెరిచి ఇచ్చిందే అయి, దాని పాస్‌వర్డు అతని దగ్గరే ఉంటుంది. అందులో వెతికినవీ, తిరిగినవీ అన్నీ చేరుతుంటాయి. వాట్సాప్‌లో "లింక్డ్ డివైసెస్" తెరిస్తే ఎవరిదో కంప్యూటరు కనిపించిన సందర్భాలు నేను లెక్కపెట్టలేనన్ని చూశాను. సందేశాలు 2016 నుంచి ఎన్‌క్రిప్ట్ అయి పోతున్నమాట నిజమే; అతని లాప్‌టాప్‌లోనే అవి తెరుచుకుంటుంటే ఏం లాభం?

కనిపించగానే తీసేయాలని మనకు చేతులు దురదపెడతాయి. తొందరపడకండి. తీసేసిన క్షణమే అతనికి తెలుస్తుంది, ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే దెబ్బలు తినేది ఆమె. మేం ముందుగా ఆమె బయటపడే రోజు ఖాయం చేసుకుంటాం. అప్పటిదాకా ఆ ఫోనును ఎప్పటిలాగే వాడమని, మాతో మాత్రం పక్కింటివాళ్ళ ఫోనుతోనో ఆసుపత్రి ఫోనుతోనో మాట్లాడమని చెప్తాం. బయలుదేరిన రోజు ఆ ఫోను, ఆ సిమ్ము వెంట రాకూడదు. ఏ టవరు దగ్గర ఉందో కంపెనీ రికార్డులో పడుతూనే ఉంటుంది. కొత్త ఫోనులో కొత్త గూగుల్ ఖాతా, పాత ఫొటోలూ నంబర్లూ వెంటనే దింపుకోకుండా.

మీ ఐదుగురి మధ్య కూడా చూసుకోండి. మేం ఒకప్పుడు కేసు కాగితాలు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టుకొనేవాళ్ళం. అవి అయిదుగురి గ్యాలరీల్లోనూ, అయిదుగురి గూగుల్ డ్రైవ్ బ్యాకప్‌ల్లోనూ సంవత్సరాల తరబడి పడి ఉన్నాయని తెలిసిన రోజు నాకు చెమటలు పట్టాయి. ఇప్పుడు వారంలో మాయమయ్యే సందేశాలే వాడుతున్నాం, బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షను పెట్టుకున్నాం, కాగితాలు మాత్రం ఇనుప బీరువాలో ఉంటాయి. గూగుల్ ఖాతా సెట్టింగుల్లో పాత చరిత్ర మూడు నెలలకు దానంతటదే చెరిగిపోయే ఏర్పాటు ఉంది, అదీ పెట్టండి.

ప్రశ్నించినవారి వ్యాఖ్య: మంగళగిరి మగ్గం

అక్కా, మీరు చెప్పినది చదివి ఆ సాయంత్రమే అందరం కూర్చొని మా ఫోన్లు తెరిచాం. గ్రూపులో 2019 నాటి వైద్య నివేదిక ఒకటి ఇంకా ఉంది. ఆమె ఇప్పుడు వేరే రాష్ట్రంలో పిల్లలతో ఉంటున్నది. ఐదు ఫోన్లలోనూ తుడిచేసి, బ్యాకప్పులు తీసేయడానికి మూడు గంటలు పట్టింది.

ప్రైవేట్ డీఎన్ఎస్ అందరి ఫోన్లలో పెట్టుకున్నాం. కంప్యూటరులో టోర్ దింపాం, పొద్దున్నే వార్తలు అందులోనే చదువుతున్నాం. ఉత్తరం రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద కంపెనీ ముద్ర వేయించుకొని తెచ్చాను.

నిన్న ఆ కుర్రాడు మళ్ళీ వచ్చాడు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, నీకేం కనిపిస్తుందో చూపించు బాబూ అని అడిగాను. యాప్ తెరిచి చూపించాడు: పేరు, ప్లాను, లాగిన్ సమయం, వాడిన జీబీలు, బాకీ. తీగెలపని గారు చెప్పినట్టే ఉంది. మరి మా రౌటరులోకి మీరు అక్కడి నుంచి రాగలరా అంటే, "నేను రాలేనమ్మా, ఆఫీసువాళ్ళు వస్తారు, వైఫై పాస్‌వర్డు మరిచిపోయినవాళ్ళకు అక్కడి నుంచే మారుస్తారు" అన్నాడు. ఇది ఆపవచ్చా?

సమాధానం: తీగెలపని (వరంగల్)

వాళ్ళు పెట్టిన పెట్టెలో పూర్తిగా ఆపలేరు, దాని పగ్గాలు వాళ్ళ చేతిలోనే ఉంటాయి. సొంతంగా ఒక రౌటరు కొని, వాళ్ళ పెట్టె నుంచి ఒక్క కేబులు మాత్రం దానికి కలపండి. మీ కంప్యూటరు, ఫోన్లు అన్నీ మీ రౌటరు వైఫైకే కలవాలి. వాళ్ళ పెట్టెలోని వైఫైని ఆపేయమనండి. అప్పుడు మీ గదిలో ఎన్ని పరికరాలున్నాయో, వాటి పేర్లేమిటో ఆఫీసుకు కనిపించవు. కొత్త రౌటరు పెట్టగానే దాని వెనుక స్టిక్కరు మీద ఉన్న అడ్మిన్ పాస్‌వర్డు మార్చండి, దూరం నుంచి లాగిన్ అయ్యే సెట్టింగు ఆపి ఉందో లేదో చూడండి. మార్చిన పాస్‌వర్డును మాత్రం కాగితం మీద రాసి గోడకు అంటించవద్దు. అక్క గారు చెప్పిన ఇనుప బీరువాలో పెట్టండి.